నామినీగా పేరున్నంత మాత్రాన నాన్నగారి బీమా సొమ్ము ఆమెదవుతుందా?

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక గ్రామం. నాన్నగారు కొబ్బరి వ్యాపారం చేసేవారు. మా అమ్మ 2009లో పోయింది. 2011లో నాన్నగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. 2013లో ఆయన తీసుకున్న జీవిత బీమా పాలసీలో ఆవిడనే నామినీగా రాయించారు. తరువాత ఇద్దరికీ పొసగక 2019లో కోర్టు ద్వారా పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు. వారికి పుట్టిన బాబుకు ఇప్పుడు పన్నెండేళ్లు, ఆవిడ దగ్గరే పెరుగుతున్నాడు. సంక్రాంతి వెళ్లాక నాన్నగారు గుండెపోటుతో మరణించారు. బోనసుతో కలిపి సుమారు 16 లక్షలు వస్తుందని ఏజెంటు చెప్పారు. ఇప్పుడు ఆవిడ నామినీనంటూ బ్రాంచిలో క్లెయిము పెట్టారని తెలిసింది. అసలు బాండు మాత్రం మా ఇంటి బీరువాలోనే ఉంది. ‘నామినీ ఎవరైతే వాళ్లకే ఇస్తారు, మీరేమీ చేయలేరు’ అని ఏజెంటు అంటున్నారు. పోలీసు కేసు పెట్టమని బాబాయి అంటున్నారు. నేను పెళ్లయి పాలకొల్లులో ఉంటున్నాను. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నాయనమ్మ బాబాయి దగ్గర ఉంది. ఈ సొమ్ము మాకు రాదా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం:

అమ్మా,

మీ ప్రశ్నకు జవాబు చెప్పేలోగా మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. దాన్ని పూర్తిచేసి వచ్చి మిగతాది తీరికగా చదివినా నష్టం లేదు. పాలసీ ఏ బ్రాంచి పరిధిలో ఉందో ఆ బ్రాంచి మేనేజరుకు, ప్రతిని డివిజినల్ ఆఫీసులోని క్లెయిముల విభాగానికి, రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. ఇంత తొందర ఎందుకంటే, 1938 నాటి బీమా చట్టం 39వ సెక్షను ప్రకారం, నామినేషను రద్దయిందని గాని మారిందని గాని లిఖితపూర్వకమైన నోటీసు అందనంతవరకు, రికార్డులో పేరున్న నామినీకి సద్భావంతో సొమ్ము చెల్లించిన సంస్థను ఆ తరువాత నిలదీయడానికి వీలుండదు. ఒకసారి సొమ్ము ఆమె ఖాతాలో పడితే మీ పోరాటమంతా ఇక ఆమెతోనే. ఖర్చయిపోయిన సొమ్మును మనిషి దగ్గర నుంచి రాబట్టడం, సంస్థ దగ్గర ఉన్న సొమ్మును ఆపించడం కన్నా ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఉత్తరంలో పాలసీ నంబరు, నాన్నగారి పేరు, మరణించిన తేదీ, ఏ కోర్టు ఏ తేదీన వారి వివాహాన్ని రద్దు చేసిందో ఆ వివరం, వారసులందరి పేర్లు, అసలు బాండు మీ అధీనంలోనే ఉన్నదన్న సంగతి రాసి, తగిన కోర్టు ఉత్తర్వు వచ్చేవరకు ఎవరికీ చెల్లించవద్దని కోరండి. బాండు సంగతి తప్పక రాయండి. బాండు లేకుండా క్లెయిము పెట్టాలంటే అది పోయిందనో కనబడటం లేదనో ఆమె రాసి ఇచ్చి ఉండాలి. అది మీ బీరువాలో ఉందని తెలిసిన మరుక్షణం ఆ క్లెయిము మామూలు క్లెయిములా నడవదు. ఆమె గుణగణాల గురించి, కాపురంలో జరిగిన గొడవల గురించి ఆ ఉత్తరంలో ఒక్క మాట కూడా రాయకండి. రేపు అదే కాగితం కోర్టులో చదువుతారు. కౌంటరులో గుమాస్తా ‘సారు లేరు, పెట్టి వెళ్లండి’ అంటే పెట్టి రావద్దు. రెండో ప్రతి మీద ఇన్‌వర్డు ముద్ర, తేదీ, పొట్టి సంతకం పడేదాకా అక్కడే కూర్చోండి. అదే ఉత్తరాన్ని స్పీడు పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి.

ఇలా ఇద్దరు పోటీ పడినప్పుడు బీమా సంస్థ సాధారణంగా చెల్లింపు నిలిపి, వారసత్వ ధ్రువపత్రమో కోర్టు ఉత్తర్వో తెమ్మంటుంది. ఎవరికిచ్చినా చిక్కేనని తోస్తే, అదే చట్టం 47వ సెక్షను కింద సొమ్మును కోర్టులోనే జమ చేసే వీలు కూడా దానికి ఉంది. సంస్థ అలా చేస్తే కంగారుపడకండి, మీకది మంచిదే. కోర్టులో పడిన సొమ్మును వ్యాజ్యం తేలేవరకు బ్యాంకులో ఫిక్సెడు డిపాజిట్టుగా ఉంచమని మీ వకీలు చేత ఒక పిటిషను మాత్రం వేయించండి.

ఇక ఏజెంటు గారి మాట. అది సగమే నిజం. సంస్థ నామినీకి చెల్లించవచ్చునన్నంతవరకు ఆయన చెప్పింది సరైనదే. ఆ సొమ్ము నామినీ సొంతమవుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు ఇన్నేళ్లలో మారుతూ వచ్చింది. వకీళ్లు సర్బతీ దేవి కేసు అని చెప్పుకునే 1984 నాటి సుప్రీంకోర్టు తీర్పులో చనిపోయిన వ్యక్తి తల్లి, చిన్న కొడుకు ఒక పక్క, నామినీ అయిన భార్య మరో పక్క నిలబడ్డారు. నామినీ అంటే సంస్థ దగ్గర సొమ్ము అందుకునే చెయ్యి మాత్రమేననీ, అందుకున్న దాన్ని వారసత్వ చట్టం ప్రకారం హక్కుదారులకు పంచవలసిందేననీ కోర్టు తేల్చింది. మూడు దశాబ్దాల పాటు ఇదే మాట చెల్లింది. మీ బాబాయిగారి తరం వారు ‘నామినీ కేవలం ధర్మకర్త’ అని నమ్మకంగా చెప్పడానికి కారణం అదే.

2015 సవరణతో ఈ లెక్క మారింది. పాలసీదారు తన తల్లిదండ్రులను, జీవిత భాగస్వామిని, పిల్లలను, లేదా వారిలో ఎవరినైనా నామినీగా రాస్తే, ఆ నామినీకి సొమ్ము మీద అనుభవ హక్కు కూడా, అంటే దాన్ని తన సొంతంగా ఉంచుకునే హక్కు, ఉంటుందని 39వ సెక్షనులో కొత్త ఉపసెక్షను చేరింది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మీ నాన్నగారు నామినేషను రాసింది 2013లో కాబట్టి పాత సూత్రమే వర్తిస్తుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. సవరణ వెనకటి తేదీతో అమలులోకి వచ్చిన 2014 డిసెంబరు 26 తరువాత చెల్లింపుకు వచ్చే పాలసీలన్నిటికీ కొత్త సూత్రం వర్తిస్తుందని ఆ సెక్షనే చెబుతోంది. నామినేషను ఎప్పుడు రాశారన్నది కాదు, సొమ్ము ఎప్పుడు చెల్లింపుకు వచ్చిందన్నది చూస్తారు.

కాబట్టి మీ వ్యాజ్యమంతా ఒక్క ప్రశ్న మీద నిలుస్తుంది: విడాకులైన మనిషి, పాలసీదారు మరణించిన నాటికి ‘జీవిత భాగస్వామి’ అవుతుందా? ఆమె తరఫు వకీలు, సెక్షనులో ఉన్నది ‘నామినేట్ చేసినప్పుడు’ అన్న అర్థమేననీ, 2013లో ఆమె ధర్మపత్నేననీ, విడాకులు కాగానే నామినేషను దానంతటదే రద్దవుతుందని బీమా చట్టంలో ఎక్కడా లేదనీ, ఆయన తలచుకుంటే ఒక్క ఫారంతో మార్చగలిగీ ఇన్నేళ్లు ప్రీమియం కడుతూ ఆ పేరునే ఉంచారనీ వాదిస్తారు. ఈ వాదనను తేలిగ్గా తీసుకోకండి. చివరి మాటకు బలం ఉంది. మీ వకీలు అనవలసింది ఏమిటంటే, తల్లిదండ్రులు, భార్య, పిల్లలు అన్న ఆ జాబితా పాలసీదారు మీద ఆధారపడి బతికే దగ్గరి కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదనీ, సొమ్ము చెల్లింపుకు వచ్చిన రోజున ఆమె ఆ కుటుంబంలో సభ్యురాలు కాదనీ, కనుక ఆమె సొమ్ము అందుకునే నామినీ మాత్రమే తప్ప అనుభవ హక్కుదారు కాదనీ. దీనికి తోడు, అనుభవ హక్కున్న నామినీ అయినా వారసులు తమ వాటా అడిగినప్పుడు వారసత్వ చట్టాన్ని దాటిపోలేడని కర్ణాటక హైకోర్టు 2025లో ఒక తీర్పు ఇచ్చింది. అది మన రాష్ట్ర కోర్టులను కట్టిపడేయకపోయినా, న్యాయమూర్తి ముందు పెట్టి చదివి వినిపించదగినదే. నా అంచనాలో మొగ్గు మీ పక్షానే ఉంది. అయితే చేతికందిన రాజీని కాలదన్నేంత ధీమా మాత్రం వద్దు.

ఈ వాదన నిలవాలంటే ముందు విడాకులు నిజంగా అయి ఉండాలి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గాని, కేసులు తలకిందులయ్యేది ఇక్కడే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద పరస్పర అంగీకార విడాకులకు రెండు దశలు ఉన్నాయి. మొదట ఇద్దరూ కలిసి పిటిషను వేయాలి. ఆ తరువాత సాధారణంగా ఆరు నెలలకు తక్కువ కాకుండా, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్లీ ఇద్దరూ వచ్చి తమ సమ్మతి మారలేదని చెప్పాలి. అప్పుడే డిక్రీ వస్తుంది. మొదటిసారి కోర్టుకు వెళ్లి సంతకాలు పెట్టి, అంతటితో అయిపోయిందనుకుని ఇళ్లకు వెళ్లిపోయినవారు ఉంటారు. అలాంటప్పుడు చట్టం దృష్టిలో ఆమె ఇప్పటికీ మీ నాన్నగారి భార్యే, ఇప్పుడు వితంతువు. కనుక ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడకుండా, కోర్టు కాపీయింగు విభాగంలో దరఖాస్తు పెట్టి డిక్రీ సర్టిఫైడు నకలు తీసుకోండి. దానితో పాటు వారు దాఖలు చేసిన రాజీ షరతుల నకలు కూడా అడగండి. ‘ఇకపై ఒకరి ఆస్తిపాస్తుల మీద ఒకరికి ఏ హక్కూ లేదు’ అన్న వాక్యం అందులో ఉంటే మీ చేతికి మంచి ఆయుధం దొరికినట్టే. అలా కాకుండా ఫలానా పాలసీ ఆమెకే చెందుతుందని గాని, భరణానికి బదులుగా దాన్ని ఉంచుతున్నామని గాని రాసి ఉంటే, ఈ వ్యాజ్యం మొదలు పెట్టక ముందే ఆగిపోవడం మేలు.

మీది కోర్టు విడాకులు కనుక మీకు అక్కరలేదు గాని, ఇది చదివే మరికొందరి కోసం ఒక మాట. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకుని విడిపోయిన జంటలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ కులంలో అలాంటి ఆచారం ఉన్నదని సాక్ష్యంతో రుజువు చేయగలిగితేనే వివాహ చట్టం ఆ విడిపోవడాన్ని గుర్తిస్తుంది. రుజువు కాకపోతే ఆ కాగితానికి విడాకుల విలువ ఉండదు.

ఇప్పుడు బీరువాలోని బాండు తీసి, మొదటి పేజీని జాగ్రత్తగా చూడండి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద ఈ పాలసీ తీసుకున్నట్టు ముద్ర గాని వాక్యం గాని ఉందా? అప్పులవాళ్లు జప్తు చేయడానికి వీల్లేకుండా పాలసీని భార్యాపిల్లల పేర కట్టుదిట్టం చేసుకోవడానికి వ్యాపారస్తులు ఈ పద్ధతి ఎంచుకోవడం ఉంది, మీ నాన్నగారు వ్యాపారి కనుక అడుగుతున్నాను. అలా ఉంటే అది ట్రస్టు అవుతుంది. 39వ సెక్షను దానికి వర్తించదు, ఆ సొమ్ము ఆయన ఆస్తిలో కలవదు, లబ్ధిదారుగా ఆమె పేరు స్పష్టంగా రాసి ఉంటే విడాకులతో దాన్ని తుడిచేయడం చాలా కష్టం. నేను ఇక్కడ రాస్తున్నదంతా ఆ ముద్ర లేదన్న ఊహ మీదే.

తరువాత బాండు వెనక వైపు తిప్పండి. నామినేషను మార్పులు నమోదు చేసే చోట ఏదైనా ముద్ర, తేదీ, సంతకం ఉందేమో చూడండి. ఖాళీగా ఉన్నా అక్కడితో వదిలేయవద్దు. మార్పు కోరుతూ ఆయన ఇచ్చిన ఉత్తరం ప్రతి, సంస్థ ఇచ్చిన రసీదు, పాత ప్రీమియం రసీదుల కట్టలోనో, కొబ్బరి పద్దు పుస్తకంలోనో మడిచి ఉండవచ్చు. మరో మార్గం కూడా ఉంది, చాలామందికి తెలియదు: నామినేషనును వీలునామా ద్వారా కూడా మార్చవచ్చునని 39వ సెక్షను చెబుతోంది. వీలునామా రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది. ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చట్టప్రకారం ఉంటే చాలు. అలాంటి కాగితం దొరికితే దాని నకలు ఆ రోజే బ్రాంచిలో ఇచ్చి, ముందు చెప్పినట్టే ముద్ర వేయించుకోండి. పాలసీ మీద అప్పు తీసుకున్నారేమో కూడా కనుక్కోండి. ఉంటే అసలూ వడ్డీ ముందు మినహాయించుకున్నాకే మిగిలింది పంపకానికి వస్తుంది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది మీకు అంత రుచించకపోవచ్చు. మీ ఉత్తరంలో ‘మాకు రాదా’ అని అడిగారు గాని, ఆ ‘మాకు’లో ఎవరెవరున్నారో మీరు లెక్క వేసుకున్నట్టు లేదు. వీలునామా లేకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నాన్నగారి మొదటి తరగతి వారసులు, అంటే అందరికన్నా ముందు హక్కున్నవారు, నలుగురు: మీరు, మీ తమ్ముడు, మీ నాయనమ్మగారు, ఆ పన్నెండేళ్ల బాబు. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన బిడ్డ కొడుకు కాకుండా పోడు, ఎవరి దగ్గర పెరుగుతున్నాడన్నదానితో చట్టానికి పని లేదు. విడాకులైన భార్యకు వాటా లేదు. నలుగురికీ సమానం, అంటే 16 లక్షల్లో తలా 4 లక్షలు. ఒకవేళ డిక్రీ రాలేదని తేలితే ఆమె కూడా వితంతువుగా చేరి అయిదు వాటాలవుతాయి, ఒక్కొక్కటి 3 లక్షల 20 వేలు.

మీ పిటిషనులో ఆ బాబు పేరు వదిలేసి ‘మేమే వారసులం’ అని రాయించడానికి ఎవరైనా సలహా ఇస్తే, వారు మీ మేలు కోరేవారు కాదు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టే దశలోనే ఈ ప్రలోభం ఎదురవుతుంది. బాబు వేరే ఊళ్లో ఉన్నాడు, ఎవరు అడుగుతారులే అనిపిస్తుంది. తెలిసి అబద్ధం రాసి ధృవీకరిస్తే నేరమవుతుందని భారత వారసత్వ చట్టమే హెచ్చరిస్తోంది. నిజం దాచి తెచ్చుకున్న ధ్రువపత్రాన్ని 383వ సెక్షను కింద రద్దు చేయించవచ్చు. వ్యావహారికంగా చూసినా మీకు ఆ బాబు అడ్డంకి కాదు, అతని ఉనికి మీ వాదనకు బలం. ఎందుకంటే ఆమె మొత్తం సొమ్ము తనదంటున్నది, ఆమె గెలిస్తే బాబుకు వారసుడిగా వచ్చేది ఏమీ ఉండదు, మీరు గెలిస్తే అతని 4 లక్షలు అతని పేర పడతాయి. ఈ డబ్బు విషయంలో తల్లి స్వప్రయోజనం, కొడుకు ప్రయోజనం ఎదురెదురుగా ఉన్నాయి కనుక, మైనరు తరఫున ఆమె కాకుండా మరొకరిని సంరక్షకులుగా నియమించమని కోర్టును కోరవచ్చు. మైనరు వాటాను పద్దెనిమిదేళ్లు నిండేవరకు బ్యాంకులో డిపాజిట్టు చేయమని కోర్టులు ఆదేశించడం మామూలే. ఈ మాటలన్నీ మీ పిటిషనులో మీరే ముందుగా రాస్తే, న్యాయమూర్తికి మీ మీద కలిగే అభిప్రాయం వేరుగా ఉంటుంది.

కోర్టు విషయానికి వస్తే, వారసత్వ ధ్రువపత్రం కోసం భారత వారసత్వ చట్టం 372వ సెక్షను కింద పిటిషను వేయాలి. మరణించిన వ్యక్తి మామూలుగా నివసించిన చోటును బట్టి కోర్టు పరిధి నిర్ణయమవుతుంది. మీకు దగ్గర కదా అని పాలకొల్లులోనో నరసాపురంలోనో వేస్తే చెల్లదు, చించినాడ వంతెన దాటి అమలాపురం వైపు రావలసిందే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, విడాకుల డిక్రీ నకలు, బాండు, మీరు బ్రాంచిలో ఇచ్చిన అభ్యంతర పత్రం ప్రతి, అందరి ఆధారు కార్డులు సిద్ధం చేసుకోండి. కోర్టు ఫీజు సొమ్మును బట్టి ఉంటుంది. ఆ ఖర్చును మొదట మీరు, తమ్ముడు భరించి తరువాత సర్దుకోవలసి రావచ్చు. కోర్టు ఒక తెలుగు దినపత్రికలో ప్రకటన వేయిస్తుంది, ఆక్షేపణ ఉన్నవారు ఫలానా తేదీన హాజరు కావాలని. ఆమెను కూడా ప్రతివాదిగా చేర్చండి. చేర్చకుండా ధ్రువపత్రం తెచ్చుకుంటే, ఆమె కోర్టుకెక్కినప్పుడు వ్యవహారం మళ్లీ మొదటికి రావచ్చు.

ధ్రువపత్రం విచారణ సంక్షిప్తంగా సాగేది. హక్కు ఎవరిదన్న చిక్కు ప్రశ్నను అక్కడ లోతుగా తేల్చరు, పైపైన ఎవరి హక్కు మెరుగ్గా కనబడితే వారికి ఇస్తారు. అందువల్ల ఆమె గట్టిగా ఎదిరిస్తుందని మీ వకీలుకు తోస్తే, హక్కు ప్రకటన కోరుతూ సివిలు దావా వేసి, దానితోపాటే సొమ్ము చెల్లించకుండా తాత్కాలిక ఇంజంక్షను అడగడం మంచిదనవచ్చు. రెండింటిలో ఏది అన్నది కాగితాలు చూసిన వకీలు నిర్ణయించవలసిన విషయం. ఏదైనా సరే, ఆమె మీకు చెప్పకుండా ముందే ఏదైనా పిటిషను వేసి ఉత్తర్వు తెచ్చుకునే అవకాశం ఉంది కనుక, మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోరే కేవియటు ఒకటి అమలాపురం కోర్టులో ఈ లోపే వేయించండి. అది తొంభై రోజులు పనిచేస్తుంది, గడువు దాటితే మళ్లీ వేసుకోవచ్చు.

పోలీసు కేసు పెట్టమన్న మీ బాబాయిగారి సలహాను పాటించవద్దు. రికార్డులో పేరున్న నామినీ క్లెయిము పెట్టడం దానంతటదే నేరం కాదు. క్లెయిము ఫారంలో పాలసీదారుతో సంబంధం దగ్గర ఆమె ‘భార్య’ అని రాసి ఉంటే, ఆ కాగితాన్ని సివిలు కోర్టు ద్వారా తెప్పించి సాక్ష్యంగా వాడుకోవడం మీకు ఎక్కువ లాభం. బీమా సంస్థల మీద ఫిర్యాదులు వినే అధికారి, బీమా అంబుడ్స్‌మన్ గురించి కూడా కొందరు చెబుతారు. హైదరాబాదు కార్యాలయానికి యానాంతో సహా మన ప్రాంతమంతా పరిధిలోనే ఉంది, సంస్థ అకారణంగా జాప్యం చేస్తే అక్కడికి వెళ్లవచ్చు, ఫీజు కూడా లేదు. అయితే ఇద్దరు మనుషుల మధ్య హక్కు ఎవరిదో తేల్చే పని ఆయనది కాదు. అక్కడ కాలం పోగొట్టుకోకండి.

రాజీ మాట ఎత్తాను కనుక దాన్ని కూడా వివరించాలి. మీ నాన్నగారు విడాకుల తరువాత కూడా నామినీ పేరు మార్చకపోవడానికి మరపు కారణం కావచ్చు, ఏజెంటు నిర్లక్ష్యం కావచ్చు, ఆ చిన్నవాడి చదువుకు ఉంటుందిలే అన్న ఆలోచన కూడా కావచ్చు. ఆ మూడో అవకాశాన్ని న్యాయమూర్తి కూడా తలచుకుంటారు. బాబు వాటా 4 లక్షలూ అతని పేర డిపాజిట్టు చేసి, దాని మీద వడ్డీ చదువుకు తీసుకునే వీలు తల్లికి ఇచ్చి, మిగతా సొమ్ము మీద ఆమె క్లెయిము వదులుకునేలా ఒక ఒప్పందం కుదిరితే, అది మీరు గెలిచి తెచ్చుకునే డిక్రీకి దాదాపు సమానం, పైగా సంవత్సరాల ముందే చేతికొస్తుంది. నాయనమ్మగారు ఒప్పుకుంటే ఆ బాబుకు కొంత ఎక్కువ ఇచ్చినా మునిగిపోయేది లేదు. మాటలు మధ్యవర్తుల దగ్గర సాగినా, చివరి కాగితం లోక్ అదాలత్‌లోనే రాయించండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు, కోర్టులో ఉన్న కేసు అక్కడ పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. మరో సంగతి: ఆ చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. అది మీకెంత వర్తిస్తుందో ఆమెకూ అంతే వర్తిస్తుంది కనుక, ఖర్చులకు తట్టుకోలేక ఆమె వెనక్కి తగ్గుతుందన్న ఆశ పెట్టుకోకండి.

మీరు బ్రాంచికి వెళ్లేసరికే సొమ్ము ఆమెకు చెల్లించేశారని తెలిస్తే, దారి మూసుకుపోయినట్టు కాదు. సంస్థను వదిలి, వారసుల తరఫున సొమ్ము పుచ్చుకున్న మనిషిగా ఆమె మీదే మీ వాటాల కోసం దావా వేయాలి. ఆమె సొమ్ము అందుకున్న తేదీ నుంచి మూడేళ్లలో అది దాఖలు కావాలి. వేసిన రోజునే, ఆ ఖాతాలోని సొమ్మును తీర్పుకు ముందు జప్తు చేయమని కూడా అడగండి, లేకపోతే డిక్రీ కాగితంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

మిగిలింది మీ నాయనమ్మగారి విషయం, దీనికి ఆలస్యం పనికిరాదు. ఆవిడ కూడా పిటిషనరుగా ఉండాలి, వకాలతు మీద ఆవిడ సంతకమో వేలిముద్రో పడాలి. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ముసలామెను కోర్టుకు తిప్పడం ఎందుకని మీరు అనుకోవచ్చు. కాని వ్యాజ్యం నడుస్తుండగా ఆవిడకు ఏదైనా అయితే, ఆవిడ వాటా ఆవిడ సంతానానికి వెళుతుంది, అంటే మీ బాబాయిగారు, మేనత్తలు ఉంటే వారు, మీ నాన్నగారి భాగానికి మీరు ముగ్గురు పిల్లలు కలిసి హక్కుదారులవుతారు. నలుగురితో తేలవలసిన లెక్కలో అప్పుడు ఎంతమంది చేరతారో మీకే తెలుసు. తన వాటా మనవల్లో ఎవరికైనా ఇవ్వాలని ఆవిడకు ఉంటే, అది ఆవిడ సొంత ఇష్టంతో, వకీలు ముందు, మీరు గాని మీ బాబాయిగారు గాని పక్కన లేనప్పుడు రాయించే వీలునామాగా ఉండనివ్వండి. ఈ వారంలోనే వకీలు గుమాస్తాను మీ బాబాయిగారింటికి తీసుకువెళ్లి వకాలతు పూర్తి చేయించండి, బాండు మాత్రం బీరువాలో కాకుండా బ్యాంకు లాకరులో పెట్టండి.